ట్రెయిల్ మధ్యలో గ్యాప్ పూర్తి చెయ్యడానికి డొనేషన్లు అడుగుతున్నారు, మనం ఇచ్చే వంద డాలర్లతో నిజంగా ఏమన్నా అవుతుందా?

మన్రోవిల్_మావయ్య:

అందరికీ నమస్తే. మేం పిట్స్‌బర్గ్‌కి తూర్పు వైపు ఉంటాం, పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి మరీ దూరం కాదు. మా టౌన్ పక్కన ఎప్పుడో మూసేసిన రైలు లైను మీద ట్రెయిల్ వేశారు, పట్టాలు పీకేసి సున్నపురాయి పొడి పరిచి గట్టిగా రోలింగ్ చేసిన దారి, సైకిళ్ళు, వాకింగ్ వాళ్ళు, స్ట్రోలర్లు, కుక్కలు, అప్పుడప్పుడు గుర్రం మీద వచ్చేవాళ్ళు కూడా ఉంటారు, మోటారు బండి మాత్రం రానివ్వరు. రైలు దారి కాబట్టి ఎత్తుపల్లాలు పెద్దగా ఉండవు, ఇండియా నుంచి మా అమ్మానాన్న వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పులున్నా రోజూ సాయంత్రం అక్కడికే తీసుకెళ్ళమనేవాళ్ళు.

ఇప్పుడు సమస్య ఏంటంటే ఈ ట్రెయిల్ రెండు ముక్కలుగా ఉంది. మధ్యలో రెండు మైళ్ళు కూడా ఉండదు, అక్కడ దారి లేదు. అవతలి ముక్కకి వెళ్ళాలంటే షోల్డర్ (రోడ్డు అంచున ఖాళీ జాగా) లేని రోడ్డు మీద ట్రక్కుల పక్కన సైకిల్ తొక్కాలి, ఒక వంపు దగ్గరైతే ఎదురొచ్చే బండి అస్సలు కనపడదు. మా అబ్బాయి ఫ్రెండ్స్ అందరూ అవతలి వైపే ఉంటారు, సైకిల్ మీద పంపమంటాడు, మా ఆవిడ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

మొన్న వీకెండ్ ట్రెయిల్‌హెడ్ (ట్రెయిల్ మొదలయ్యే చోటు) దగ్గర ఆ ట్రెయిల్ గ్రూపు వాళ్ళు టేబుల్ వేసుక్కూర్చున్నారు, ఎక్కువమంది రిటైర్ అయిన తెల్లవాళ్ళే, చేతికి ఫ్లయర్ ఇచ్చి గ్యాప్ పూర్తి చెయ్యడానికి ఫండ్‌రెయిజింగ్ మొదలెట్టాం, ఎంతైనా ఇవ్వండి, ఇవ్వలేకపోతే వచ్చి పని చెయ్యండి అన్నారు. మొత్తం ఖర్చు ఎంతవుతుందని అడిగితే మిలియన్లలో చెప్పారు, దారిలో ఒక వాగు మీద బ్రిడ్జి కూడా పడుతుందట. నాకు అక్కడే డౌటొచ్చింది, మిలియన్లు కావాల్సిన చోట నా వంద డాలర్లు ఏ మూలకి? పైగా ప్రాపర్టీ టాక్సు కడుతున్నాం, స్కూల్ టాక్సు కడుతున్నాం, రోడ్డు లాంటిది వెయ్యడానికి మళ్ళీ చందాలేంటి అని మా ఆవిడ అడిగింది, నా దగ్గర సమాధానం లేదు.

అడగాలనుకున్నవి: ఇలాంటివి చందాలతో నిజంగా పూర్తయిన సందర్భాలు ఉన్నాయా, డబ్బు ఎక్కడికి పోతుంది, గ్రూపు అసలైనదో కాదో ఎలా తెలుసుకోవాలి, మన తెలుగు కుటుంబాలు ఓ పదిపదిహేను కలిసి ఏమన్నా చెయ్యాలంటే ఎలా మొదలెట్టాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.


యాక్_తీరం:

మావయ్యగారూ, మీరు అడుగుతున్న ఊరే కరెక్ట్ ఊరు. చందాలతో పూర్తయిన ట్రెయిల్ చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, డౌన్‌టౌన్‌లో పాయింట్ స్టేట్ పార్కుకి వెళ్తే చాలు, గ్రేట్ అలెగేనీ ప్యాసేజ్ అక్కడే మొదలవుతుంది, అక్కణ్ణుంచి మేరీలాండ్‌లో కంబర్లాండ్ దాకా 150 మైళ్ళు. అక్కడ పాత సీ అండ్ ఓ కాలువ గట్టు దారి కలుస్తుంది, దాని మీద ఇంకో 184.5 మైళ్ళు తొక్కితే వాషింగ్టన్ డీసీ. కార్లతో సంబంధం లేకుండా పిట్స్‌బర్గ్ నుంచి డీసీ దాకా సైకిల్ మీద వెళ్ళొచ్చన్నమాట.

నేను యాక్ నది పక్కన చిన్న టౌన్‌లో డాక్టరుగా పని చేస్తాను (యాక్ అంటే యాక్‌గేని నది, ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూసి పలకడానికి ప్రయత్నించకండి), మా హాస్పిటల్ వెనకనుంచి ఇదే ట్రెయిల్. ఈ దారి చరిత్ర మీకు తెలిస్తే మీ రెండు మైళ్ళ గ్యాప్ గురించి కొంచెం ధైర్యం వస్తుంది, కొంచెం భయం కూడా వేస్తుంది.

వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే ఈ లైను మీద 1975లో బళ్ళు ఆపేసింది. 1978లో వెస్టర్న్ పెన్సిల్వేనియా కన్సర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ కనెల్స్‌విల్, కాన్‌ఫ్లుయెన్స్ మధ్య సుమారు 27 మైళ్ళ రైలు దారి కొనేసింది. చూశారా, ముందు కొన్నది గవర్నమెంట్ కాదు. ఆ టైములో కొనకపోయుంటే ముక్కలు ముక్కలుగా పక్కన ఉన్నవాళ్ళకి అమ్ముడుపోయి ఉండేది, ఒకసారి ముక్కలైతే మళ్ళీ కలపడం ఎవడి తరం కాదు, మీ గ్యాప్ కూడా బహుశా అలాగే వచ్చి ఉంటుంది కనుక్కోండి. మొదటి 9 మైళ్ళు ఓహాయోపైల్ దగ్గర 1986లో ఓపెన్ చేశారు. ఆ తర్వాత ఒక్కో టౌన్‌లో ఒక్కో చిన్న గ్రూపు పుట్టింది, ఎవరి ముక్క వాళ్ళు చూసుకునేవాళ్ళు, 1995లో ఏడు గ్రూపులు కలిసి అలెగేనీ ట్రెయిల్ అలయన్స్ అని పెట్టుకున్నాయి. నా లెక్కలో అసలు మలుపు అదే. విడివిడిగా అడిగితే ఫౌండేషన్లు పదీ పరకా ఇచ్చేవి, 150 మైళ్ళ మ్యాపు ఒకటి టేబుల్ మీద పరిచి ఇదిగో ఇవి మిగిలిన ముక్కలు అని అడిగేసరికి పెద్ద డబ్బు కదిలింది.

అయినా ఎంత టైం పట్టిందో చూడండి. 1998లో మైయర్స్‌డేల్ దగ్గర సాలిస్‌బరీ వయాడక్ట్ (లోయ మీది పొడుగాటి పాత రైలు వంతెన) తెరిచారు, 1,908 అడుగుల పొడుగు, దాని మీద నిలబడితే కింద నది, హైవే, ఇప్పటికీ నడుస్తున్న రైలు పట్టాలు మూడూ కనిపిస్తాయి. బిగ్ శావేజ్ టన్నెల్ 3,294 అడుగులు, అది బాగుచెయ్యడానికే కోటి డాలర్ల పైన అయింది, 2006 చివరికి గానీ కంబర్లాండ్ చేరలేదు. ఇక పిట్స్‌బర్గ్ వైపు, 2008లో సిటీ 250 ఏళ్ళ పండగకి పూర్తి చేస్తాం అనుకున్నారు, కాలేదు. శాండ్‌కాజిల్ వాటర్ పార్క్ ఉంది చూశారా, పిల్లల్ని తీసుకెళ్ళే ఉంటారు, అక్కడ నదికీ రైలు పట్టాలకీ మధ్య స్థలం బేరాలు తెగక ఆ చివరి మైలు 2013 జూన్ దాకా లాగింది. కొండలు తొలిచిన టన్నెళ్ళు, లోయల మీద వంతెనలు అన్నీ అయిపోయాక ఊరి లోపల ఒక్క మైలు ఆపేసింది. మొత్తం ఖర్చు సుమారు 8 కోట్ల డాలర్లు అంటారు, అందులో ఫెడరల్ డబ్బు, రాష్ట్రాల డబ్బు, ఫౌండేషన్ల డబ్బు, మామూలు జనం చెక్కులు అన్నీ ఉన్నాయి.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి జవాబు: అవుతుంది. కానీ చందా ఇచ్చి వచ్చే సమ్మర్‌కి రిబ్బన్ కటింగ్ అని మాత్రం అనుకోకండి.


కొత్తపేట_కిరణ్:

నాదొక మాట, ఎవరూ ఏమనుకోవద్దు. మావయ్య వాళ్ళ ఆవిడ అడిగింది నూటికి నూరుపాళ్ళు కరెక్టే కదా. టాక్సులు కట్టేది ఎందుకు? రేపు స్నో తీయడానికి కూడా డబ్బా పట్టుకుని తిరుగుతరు, ఇస్తమా? ఇంకోటి, గ్యాప్ ఉన్న జాగాలో ఇండ్లు ఉంటయి కదా, వాళ్ళ పెరట్ల నుంచి ఎవరెవరో పోతుంటే వాళ్ళకెట్లుంటదో ఎవరన్నా అడిగిండ్రా? మా ఫ్రెండ్ ఇల్లు గిట్లనే ట్రెయిల్ పక్కన ఉంది, మొదట్లో పెద్ద టెన్షన్ పడ్డడు, ఎవడన్నా పడి కాలిరిగితే మా మీద కేసేస్తరని.


సివిల్_సుధ:

కిరణ్ గారూ మీరు అడిగినవి రెండూ న్యాయమైన ప్రశ్నలే, ట్రెయిల్ మీటింగుల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. నేను సివిల్ ఇంజనీర్ని, ఇదే రాష్ట్రంలో టౌన్‌షిప్పులకి డ్రైనేజీ, చిన్న బ్రిడ్జిలు, ట్రెయిళ్ళు డిజైన్ చేసే ఆఫీసులో పని చేస్తాను, అందుకని డబ్బు సంగతి కాస్త వివరంగా చెప్తాను, పొడుగైతే క్షమించండి.

గవర్నమెంట్ డబ్బు లేదని కాదు, ఉంది. కానీ అది ఎలా వస్తుందన్నదే మెలిక. పెన్సిల్వేనియాలో ట్రెయిళ్ళకి ముఖ్యంగా మూడు దారులు. ఒకటి డీసీఎన్ఆర్, అంటే అడవులూ స్టేట్ పార్కులూ చూసే శాఖ, వీళ్ళ గ్రాంటులో మామూలుగా సగం వాళ్ళిస్తే సగం మీరు తేవాలి. రెండోది షేల్ గ్యాస్ బావుల మీద వచ్చే ఇంపాక్ట్ ఫీజు, 2012లో వచ్చిన యాక్ట్ 13 కింద అందులోంచి ట్రెయిళ్ళకి గ్రాంటు ఇస్తారు, గరిష్ఠం 2,50,000 డాలర్లు, 15 శాతం మీ వాటా. మూడోది ఫెడరల్ రవాణా డబ్బు, పెన్‌డాట్ (రాష్ట్ర రవాణా శాఖ) ద్వారా వస్తుంది, ఇది పెద్దది. దీంట్లో కన్‌స్ట్రక్షన్ ఖర్చు మొత్తం వాళ్ళే పెట్టుకుంటారు, వినడానికి భలే ఉంటుంది, కానీ దానికి ముందు జరిగే సర్వే, డిజైన్, ఎన్విరాన్‌మెంటల్ పర్మిట్లు, స్థలం హక్కులు ఇవన్నీ మీ జేబులోంచే. బ్రిడ్జి ఉన్న ప్రాజెక్టుకి ఆ కాగితం పనే లక్షల డాలర్లు అవుతుంది. పైగా ఈ గ్రాంటుల్లో చాలావాటికి ముందు మీరు ఖర్చు పెట్టి బిల్లులు పంపిస్తే తర్వాత వెనక్కిస్తారు. ఇద్దరు ఉద్యోగులున్న చిన్న బరో (చిన్న టౌన్) ఆఫీసుకి అంత డబ్బు చేతిలో ఎక్కడుంటుంది చెప్పండి.

మీ వంద డాలర్లు వెళ్ళేది అక్కడికి. కాంక్రీటుకి కాదు, డిజైన్‌కీ, వాటాకీ. సగం వాటా గ్రాంటు అయితే మీ వంద అక్కడ రెండొందలు అయినట్టే. చిన్నప్పుడు మా ఊళ్ళో జన్మభూమి పనులు చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, 1997లో మొదలైనప్పుడు ప్రజల వాటా కడితేనే సిమెంటు రోడ్డో స్కూలు గదో మంజూరయ్యేది, డబ్బు లేనివాళ్ళు శ్రమదానం చేస్తే అది కూడా వాటా కిందే కట్టేవారు. ఇక్కడా అదే పద్ధతి, వాలంటీర్లు పని చేసిన గంటలకి, ఎవరన్నా ఉచితంగా ఇచ్చిన స్థలానికి విలువ కట్టి చాలా గ్రాంటుల్లో లోకల్ వాటాలో చూపించొచ్చు. అందుకే ఆ టేబుల్ దగ్గర పెద్దాయన డబ్బు ఇవ్వలేకపోతే వచ్చి పని చెయ్యండి అన్నది ఏదో మర్యాదకి కాదు, వాళ్ళ దగ్గర సంతకాలు పెట్టే షీటు ఉంటుంది, మీ పేరు, టైము, చేసిన పని రాస్తారు, ఆ షీటే గ్రాంటు అప్లికేషన్‌కి జత చేస్తారు.

ఇంకో సంగతి కూడా ఉంది, అప్లికేషన్లు చదివేవాళ్ళు ఊరి జనం దీన్ని కోరుకుంటున్నారా అని చూస్తారు. ఒకే ఒక్కరు 20,000 ఇచ్చినదాని కంటే మూడొందల కుటుంబాలు తలా కాస్త ఇచ్చిన లిస్టు చూపిస్తే బలం వేరు. నేనైతే ఆ ట్రెయిల్ గ్రూపుని మొదట అడిగేది గ్యాప్ మీద ఫీజిబిలిటీ స్టడీ (ఇది సాధ్యమా కాదా అన్న అధ్యయనం) అయిందా, స్థలం ఎవరి పేరు మీద ఉంది, డీసీఎన్ఆర్ ముఖ్యమైన గ్యాపుల జాబితాలో ఇది ఉందా అని. స్థలం సంగతి తేలకుండా బ్రిడ్జి బొమ్మలు చూపించి డబ్బు అడుగుతుంటే మాత్రం కాస్త ఆగండి.

కిరణ్ గారి కేసుల భయం గురించి: పెన్సిల్వేనియాలో 1966 నుంచి ఒక చట్టం ఉంది, తన భూమిని జనం సరదాగా తిరగడానికి ఫీజు తీసుకోకుండా తెరిచిన ఓనరుకి అది చాలా రక్షణ ఇస్తుంది. కావాలని ప్రమాదం పెట్టి హెచ్చరిక లేకుండా వదిలేస్తే తప్ప. మీ ఫ్రెండ్‌కి చెప్పండి. పెరటి సంగతి మాత్రం నిజమే, కంచె వెయ్యడం, చెట్లు పెట్టడం, దారి పది అడుగులు అటు జరపడం ఇవన్నీ డిజైన్ టైములోనే మాట్లాడాలి, అందుకోసం ఆ ఇళ్ళవాళ్ళు మీటింగుకి రావాలి, రాకుండా తర్వాత బోర్డులు పెడితే ఏం లాభం.


కొత్తపేట_కిరణ్:

సుధక్కా మంచిగ చెప్పినవ్, జన్మభూమి ముచ్చట మా నాయినకి చెప్తే నవ్విండు, ఆయన సర్పంచ్ ఉన్నప్పుడు ఆ వాటా కోసం ఇంటింటికి తిరిగిండట. సరే టాక్సు ముచ్చట్ల నేను ఇంకా ఒప్పుకోలే గానీ, సగం వాటా లెక్క మాత్రం సమజైంది.


లెక్కల_మాస్టారు:

గ్రూపు అసలైనదా కాదా అన్నదానికి నేను చెప్తా, సీపీఏగా ఇది నా తిండి. ముందు పేరు సరిగ్గా కనుక్కోండి, ఫ్లయర్ మీద ఉన్న పేరూ రిజిస్టరైన పేరూ ఒక్కోసారి వేరుగా ఉంటాయి. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో టాక్స్ మినహాయింపు సంస్థల సెర్చ్ ఉంది, అందులో కొట్టండి, 501సి3 (చందాలకి టాక్స్ మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ) అయితే కనపడుతుంది. ఏడాదికి 50,000 డాలర్ల లోపు వచ్చే చిన్న గ్రూపులు పోస్టుకార్డు లాంటి చిన్న ఫారం 990ఎన్ ఒకటి పడేస్తాయి, దాంట్లో లెక్కలేం కనపడవు, అది చూసి దొంగలనుకోవద్దు. దానికన్నా పెద్దవైతే 990 ఫారం పబ్లిక్‌గా దొరుకుతుంది, జీతాలకి ఎంత, ప్రాజెక్టుకి ఎంత అని చూసుకోవచ్చు. పెన్సిల్వేనియాలో చారిటీల రిజిస్ట్రేషన్ బ్యూరో కూడా వేరే ఉంది.

వాళ్ళని సూటిగా ఒక ప్రశ్న అడగండి: నేను గ్యాప్ కోసం ఇచ్చిన డబ్బు గ్యాప్‌కే వాడతారా, జనరల్ ఖాతాలో కలుస్తుందా? చెక్కు మెమోలో ఆ ప్రాజెక్టు పేరు రాయండి. గ్యాప్ ఎప్పటికీ కాకపోతే ఏం చేస్తారో కూడా అడగండి, మంచి గ్రూపు అయితే ముందే ఆలోచించి పెట్టుకుంటుంది.

టాక్సు సంగతి. 2020, 2021 తప్పిస్తే ఇటీవలి దాకా స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడివిడిగా చూపించకుండా తీసుకునే ఒకే మొత్తం తగ్గింపు) తీసుకునేవాళ్ళకి చందాల వల్ల ఫెడరల్ టాక్సులో ఒరిగిందేం లేదు, 2026 నుంచి ఐటమైజ్ చెయ్యనివాళ్ళు, అంటే ఖర్చులు విడివిడిగా చూపించనివాళ్ళు కూడా నగదు చందాల మీద సింగిల్ అయితే 1,000, జాయింట్ అయితే 2,000 డాలర్ల దాకా డిడక్షన్ తీసుకోవచ్చు. రసీదు దాచుకోండి, ఒక చందా 250 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే సంస్థ నుంచి రాతపూర్వకంగా తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం, మనవాళ్ళు మర్చిపోయేది: కంపెనీ మ్యాచింగ్. మనలో ఎక్కువమంది బ్యాంకుల్లో, హాస్పిటళ్ళలో, టెక్ కంపెనీల్లో ఉన్నాం, చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా ఇస్తాయి, కొన్ని వాలంటీర్ గంటలకి కూడా డబ్బిస్తాయి. పోర్టల్‌లో ఆ ట్రెయిల్ గ్రూపు పేరు లేకపోతే చేర్చమని అడగాలి, దానికి వాళ్ళ ట్యాక్స్ నంబరు చాలు. వంద మీరు, వంద కంపెనీ, పైన సుధగారు చెప్పిన సగం వాటా గ్రాంటు కలిస్తే మీరే లెక్క కట్టుకోండి. చేతికి క్యాష్ ఇచ్చేసి వస్తే ఇవేవీ రావు.


మిస్సిసాగా_మిర్చి:

కెనడా నుంచి ఒక ఐడియా. ఇక్కడ ట్రాన్స్ కెనడా ట్రెయిల్ అని 1992లో మొదలెట్టారు, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా, ఉత్తరాన ఆర్కిటిక్ దాకా, 2017 ఆగస్టులో అంతా కలిసింది, 24,000 కిలోమీటర్లు. దానికి జనం దగ్గర డబ్బు ఎలా తీసుకున్నారో తెలుసా, మీటర్ల లెక్కన! ఇంత ఇస్తే మీ పేరు మీద ఒక మీటరు ట్రెయిల్ అన్నారు, మనవడు పుట్టాడని, నాన్నగారు పోయారని, పెళ్ళిరోజని కొనేసి పేర్లు పెట్టించుకున్నారు జనం, ట్రెయిల్ పక్కన పెవిలియన్లు కట్టి ఆ పేర్లన్నీ బోర్డుల మీద రాశారు. మన గుళ్ళో ఫ్యాన్ రెక్క మీద దాత పేరు రాయించుకునే జాతి మనది, మనకి ఇది ఒకళ్ళు నేర్పాలా 😄 మీ రెండు మైళ్ళని అడుగుల్లో పెట్టి అమ్మమనండి, తెలుగువాళ్ళ ముక్క ఒకటి ఉంటుంది.

ఒకటి మాత్రం నిజం, కలిసింది అన్నారు గానీ ఇప్పటికీ చాలా చోట్ల అది మామూలు రోడ్డు పక్కనే పోతుంది, కొంత భాగం పడవల్లో పోయే నీటి దారి. జనం దానిమీద తిట్టుకున్నారు కూడా. మ్యాపు మీద గీత కలపడం వేరు, పిల్లాడు సైకిల్ తొక్కేలా కలపడం వేరు.


యాక్_తీరం:

మిర్చిగారు చెప్పిన చివరి మాటకి నేను ఇంకోటి కలుపుతా. పూర్తయ్యాక ఏంటి అని కూడా ఆ గ్రూపుని అడగండి, ఎందుకంటే కొత్త దారికి డబ్బిచ్చేవాళ్ళు దొరుకుతారు, పాత దారి గడ్డి కొయ్యడానికి ఎవరూ ఇవ్వరు. మా దగ్గర బిగ్ శావేజ్ టన్నెల్‌కి రెండు వైపులా పెద్ద తలుపులున్నాయి, చలికాలం మొత్తం మూసేస్తారు, లేకపోతే లోపల కారే నీళ్ళు గడ్డకట్టి గోడల్ని పగలగొడతాయి. అవి వెయ్యడం, తియ్యడం, లైట్లు, అన్నిటికీ ఏటా డబ్బే.

మా ముక్కలో నేను వెళ్ళే పని మాత్రం చాలా చిన్నది. వాన పడ్డాక దారి కిందగా నీళ్ళు పోయే గొట్టాలు ఉంటాయి చూశారా, వాటి నోటికి ఆకులూ కొమ్మలూ అడ్డం పడతాయి, చేత్తో లాగెయ్యాలి. లాగకపోతే నీళ్ళు ట్రెయిల్ మీదకెక్కి సున్నపురాయి పొడినంతా ఒక పక్కకి తోసేస్తాయి, మధ్యలో సైకిల్ టైరు పట్టేంత చీలిక పడుతుంది, దాన్ని మళ్ళీ పూడ్చాలంటే ట్రక్కు పొడి, రోలరు, మనుషులు. మొదటిసారి వెళ్ళినప్పుడు పక్కనున్న పెద్దాయన, పాత స్టీలు మిల్లు మనిషి, నాకు రేక్ పట్టుకోవడం నేర్పించాడు, డాక్టరువి కదా చేతులు జాగ్రత్త అని గ్లవ్స్ కూడా ఆయనవే ఇచ్చాడు. ఇప్పుడు ఆయన నా పేషెంట్, బీపీ సంగతి కన్నా ఏ కల్వర్టు మూసుకుపోయిందో ఎక్కువ చెప్తాడు.

కిరణ్ గారి టాక్సు ప్రశ్నకి నా జవాబు వేరే. కనెల్స్‌విల్, మైయర్స్‌డేల్ ఇవన్నీ బొగ్గూ కోకూ స్టీలూ పోయి ఖాళీ అయిన టౌన్లు, మెయిన్ స్ట్రీట్‌లో సగం షాపులు మూత. అలాంటి టౌన్ దగ్గర టాక్సు డబ్బే లేదు, ట్రెయిల్ ఎలా వేస్తుంది? అదే ట్రెయిల్ వచ్చాక సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు రాత్రి పడుకోవడానికి గది, పొద్దున్నే టిఫిన్, టైరు పంక్చరు అని ఖర్చు పెడుతుంటే కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. 2019 ఒక్క ఏడాది ఈ ట్రెయిల్ వల్ల 12 కోట్ల డాలర్ల పైన ఆర్థిక ప్రయోజనం వచ్చిందని ఒక స్టడీ లెక్కగట్టింది. ఇలాంటి లెక్కల్లో ప్రతి డాలరునీ నేను నమ్మను గానీ, మా టౌన్‌లో బీఅండ్‌బీలకి వీకెండ్ గది దొరకదన్నది నా కళ్ళతో చూసిందే.


గచ్చిబౌలి_గేర్లు:

హైదరాబాద్ నుంచి. ఇక్కడ ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ వేశారు, 2023 అక్టోబర్‌లో ఓపెన్ అయింది, 23 కిలోమీటర్లు, పైన 16 మెగావాట్ల ప్యానెళ్ళు, ఎండలో కూడా నీడన తొక్కొచ్చు. ఒక్క రూపాయి చందా అడగలేదు, గవర్నమెంటే పెట్టుకుంది, చకచకా అయిపోయింది. అది చూస్తే మీ దగ్గర 1978 నుంచి 2013 దాకా 35 ఏళ్ళు పట్టడం వింతగా ఉంది నాకు.

కానీ చదువుతుంటే ఒకటి అనిపించింది, ట్రాక్ మీద ఎక్కడన్నా పగిలినా, బైకులు దూరినా మేం వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి ఊరుకుంటాం, మా ట్రాక్ అని పార పట్టుకునేవాడు ఎవడూ లేడు, అడగడానికి ఒక గ్రూపు కూడా లేదు. ఆ స్టీల్ మిల్లు తాత లాంటోడు ఒకడు మాకూ కావాలి డాక్టర్‌గారూ, పంపిస్తారా 🙂


సివిల్_సుధ:

గేర్లు గారూ, 35 ఏళ్ళు స్థలం వల్ల. మీ ట్రాక్ ఓఆర్ఆర్‌ని ఆనుకుని ఉన్న స్థలంలో వచ్చింది, ఇక్కడ రైలు లైను ఆగిపోయాక ఒక్కో ముక్క ఒక్కో ఓనరు. అందుకే 1983లో చట్టం మార్చి రైల్‌బ్యాంకింగ్ అని పెట్టారు, భవిష్యత్తులో రైలు మళ్ళీ రావొచ్చు కాబట్టి దారిని విడగొట్టకుండా ప్రస్తుతానికి ట్రెయిల్‌గా వాడుకోవచ్చు అని. అది లేకపోతే దేశంలో సగం ట్రెయిళ్ళు ఉండేవి కావేమో అనిపిస్తుంది నాకు.


అప్పడాల_అత్తయ్య:

ఇంత చదివి ఎవరూ వంట గురించి మాట్లాడలేదేంటి. మావయ్యగారూ, మనవాళ్ళని పోగెయ్యాలంటే జూమ్ మీటింగ్ పెట్టకండి, ఎవరూ రారు, వచ్చినా వీడియో ఆఫ్ చేస్తారు. ఆదివారం గుడికెళ్ళేవాళ్ళే అందరూ, దర్శనం అయ్యాక మధ్యాహ్నం నేరుగా ట్రెయిల్‌హెడ్‌కి రమ్మనండి, పిల్లలకి సైకిళ్ళు, పెద్దవాళ్ళకి రెండు మైళ్ళ నడక, ఒక్కో కుటుంబం ఎంతో కొంత. ఎంతివ్వాలో మీరు చెప్పకండి, మనవాళ్ళు పక్కవాళ్ళు ఎంతిచ్చారో చూసి వాళ్ళే ఇస్తారు, నాకు తెలీదా.

గుడే చూడండి, 1970ల్లో ఈ దేశంలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారని? ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో పోస్టులో చెక్కులు పంపారు, అలా లేచింది. చిన్న చెక్కుల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఇడ్లీ, పులిహోర ఇంట్లో వండి అక్కడ టేబుల్ మీద పెట్టి అమ్మకండి, పబ్లిక్‌కి అమ్మాలంటే హెల్త్ డిపార్ట్‌మెంట్ రూల్సు ఉంటాయి, టెంపరరీ పర్మిట్ కావాలి, ఒక చోట మావాళ్ళు సమోసాలు పెట్టుకుంటే ఇన్‌స్పెక్టరు వచ్చి మూయించాడు, వంద సమోసాలు మేమే తిన్నాం. లైసెన్స్ ఉన్న రెస్టారెంట్ వాళ్ళని పిలిచి అమ్మకంలో కొంత శాతం ట్రెయిల్‌కి ఇమ్మనండి, మన్రోవిల్ చుట్టుపక్కల మన హోటళ్ళకి కొదవా? డబ్బు మీ ఖాతాలో వేసుకుని తర్వాత ఇస్తానని మాత్రం అనకండి, క్యూఆర్ కోడ్ నేరుగా ట్రెయిల్ గ్రూపుదే పెట్టించండి, లేకపోతే ఏడాది తర్వాత కూడా ఎవరో ఒకరు లెక్క అడుగుతూనే ఉంటారు.


మన్రోవిల్_మావయ్య:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. సుధగారు చెప్పిన మూడు ప్రశ్నలూ ఈమెయిల్‌లో పంపాను, గ్రూపు సెక్రటరీ రాత్రికి రాత్రే జవాబిచ్చారు: స్టడీ అయిందట, స్థలంలో ఎక్కువ భాగం టౌన్‌షిప్ చేతిలోనే ఉందట, ఒక్క ఓనరుతో మాత్రం ఇంకా మాట్లాడుతున్నారట, ఆ సంగతి దాచకుండా చెప్పారు. ఇప్పుడు పోగుచేస్తున్నది బ్రిడ్జి డిజైన్ కోసం, అది కూడా డీసీఎన్ఆర్ గ్రాంటుకి సగం వాటాగా. మా ఆవిడ మాస్టారి లెక్క చూసి మా కంపెనీ పోర్టల్ తనే ఓపెన్ చేయించింది, గ్రూపు పేరు అందులో లేదు, చేర్చమని రిక్వెస్ట్ పెట్టాం.

అత్తయ్యగారి ప్లాన్ ప్రకారం గుడి అయ్యాక నడక పెడదామని అనుకుంటున్నాం, ఆ ఒక్క ఓనరు ఇల్లు దారిలోనే ఉంది కాబట్టి అటువైపు గుంపుగా వెళ్ళొద్దని సెక్రటరీగారు చెప్పారు, తూర్పు ముక్క మీదే నడుస్తాం. కిరణ్, నువ్వు కూడా రావాలి, వచ్చి ఆ టాక్సు ప్రశ్న వాళ్ళ ముందే అడుగు, పర్లేదు.


కొత్తపేట_కిరణ్:

వస్తా అన్నా. గానీ పైసలు ముందే చెప్తున్న, యాభై. మ్యాచింగ్ మా కంపెనీల ఉందో లేదో చూస్తా. అక్కడ పార్కింగ్ ఎట్లుంటది, మా నాయిన వస్తనంటుండు, ఆయనకి కూసోనీకి బెంచీలు ఉన్నయా దారిల?


మన్రోవిల్_మావయ్య:

పార్కింగ్ ఇరవై కార్ల దాకా పడుతుంది, గుడి నుంచి కార్‌పూల్ చేద్దాం. బెంచీలు ఉన్నాయి, మొదటి మైలులోనే రెండు. సర్పంచ్‌గారిని తప్పకుండా తీసుకురా.